మా మెట్ల కింది డేటాసెంటర్‌ల ప్రాక్స్‌మాక్స్ ఎట్ల నడుస్తున్నది

ప్రాక్స్‌మాక్స్ అంటే ఒక్క సర్వర్‌ల శాన కంప్యూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్. అది తెరిస్తే ఎడమ దిక్కు ఒక చెట్టు లెక్క లిస్టు వస్తది. అన్నింటికన్న పైన ఉండే మాట "డేటాసెంటర్". మీ దగ్గర రెండు వందల సర్వర్లున్నా అదే మాట, ఒక్క పాత డెస్క్‌టాప్ ఉన్నా అదే మాట. మా డేటాసెంటర్ వరంగల్ ఎనుమాముల మార్కెట్ దిక్కు, ఆఫీసు మెట్ల కింద, ఇదివరకు చీపుర్లు, పాత లెడ్జర్లు పడేసిన అర్రల ఉంటది. రెండు సర్వర్లు, ఒక యూపీఎస్, ఒక ఏసీ, గోడకు కొట్టిన చిన్న ర్యాక్. మా సేటు మొదటిసారి ఆ స్క్రీన్ చూసి "డేటాసెంటరా? మన మెట్ల కిందనా?" అని నవ్విండు. ఇప్పుడు బయటి పార్టీ ఎవరొచ్చినా ఆయనే "మాకు సొంత డేటాసెంటర్ ఉన్నది" అని చెప్పుకుంటున్నడు.

నేను మిర్చి, పత్తి కమీషన్ వ్యాపారం, రెండు కోల్డ్ స్టోరేజీలు ఉన్న ఒక సంస్థల కంప్యూటర్లు చూస్త. పేరుకు సిస్టమ్ అడ్మిన్. ప్రింటర్‌ల కాగితం ఇరుక్కున్నా నేనే పోవాలె, కోతులు కెమెరా వైరు పీకినా నేనే నిచ్చెన ఎక్కాలె, సర్వర్ పడుకున్నా నేనే లేపాలె. 2024 ఆగస్టు సంది మా సర్వర్లన్నీ ప్రాక్స్‌మాక్స్ మీదనే నడుస్తున్నయి. ఒక మిర్చి సీజన్ మొత్తం దాటింది, రెండోది నడుస్తున్నది. గందుకే ఇప్పుడు రాస్తున్న. వారం రోజులు వాడి ఐదు చుక్కలు ఇచ్చేటోళ్లు మస్తు మంది ఉన్నరు. కోరం పోయిన పొద్దు ఏం చేయాల్నో వాళ్లు రాయరు.

ముందుగాల మా సామాను చెప్త. రెండు సర్వర్లు సికింద్రాబాద్ సీటీసీల, అంటే అక్కడి కంప్యూటర్ల మార్కెట్‌ల, సెకండ్ హ్యాండ్ కొన్నయి. ఒక్కోదాంట్ల రెండు ప్రాసెసర్లు, ప్రాసెసర్‌కు 8 కోర్లు, 64 జీబీ ర్యామ్. వాటి మీద మొదట్ల ఏడు వీఎంలు (వర్చువల్ మిషన్లు, అంటే ఒక్క సర్వర్ లోపట విడివిడిగ నడిచే కంప్యూటర్లు). ట్యాలీ ఉన్న విండోస్ సర్వర్ ఒకటి. కాంటా సాఫ్ట్‌వేర్, దాని డేటాబేస్ ఒకటి. ఎవరి బస్తాలు ఏ ఛాంబర్‌ల, ఏ అంతస్తుల ఉన్నయో చూసుకునే లాట్ల లెక్క ఇంకోటి. హాజరు మిషన్‌ది, ఫైల్ షేరింగ్‌ది, బయట నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లకు పోయే తొవ్వ అయిన వీపీఎన్. ఏడోది నేను ప్రయోగాలు చేసి చెడగొట్టుకునేది.

వర్చువలైజేషన్ అంటే మా అకౌంట్స్ అక్కకు నేను చెప్పింది ఇదీ: పెద్ద ఇల్లు కట్టి పోర్షన్లు చేసి కిరాయికిచ్చినట్టు. ఒక పోర్షన్‌ల నల్లా పగిలితే పక్క పోర్షన్ వాళ్లకు తడి తగలదు. కరెంటు మీటరు, బోరు, గేటు మాత్రం ఒక్క ఓనరు చేతుల ఉంటయి. ఆ ఓనరే హైపర్‌వైజర్. ఆమె వెంటనే అడిగింది, "మరి ఓనరే ఊరికి పోతే?" అని. ఆ ముచ్చట కింద చెప్త, ఎందుకంటే ఓనరు నిజంగనే ఊరికి పోయిండు.

ప్రాక్స్‌మాక్స్ వియన్నల ఉన్న కంపెనీది, మొదటి వర్షన్ 2008ల వచ్చింది. కింద ఉండేది డెబియన్ లినక్స్, వీఎంలు నడిపే ఇంజన్ కేవీఎం. ఆ కేవీఎం 2007 సంది లినక్స్ కర్నెల్‌లనే ఉన్నది. అంటే ఇంజన్ వీళ్లది కాదు. ఇంజన్ చుట్టూ బాడీ కట్టి, సీట్లు వేసి, మీటర్లు పెట్టి బండి చేసి ఇచ్చిన్రు. నాకు ఇదే నచ్చింది. బాడీల ఏదన్న చెడిపోతే కింద ఉన్నది నేను ఇరవై ఏండ్ల సంది చూస్తున్న డెబియనే, టెర్మినల్ తెరిచి చేయి పెట్టొచ్చు.

అంతకుముందు మాకు ఇదే పని చేసే వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ 6.7 ఉండె. అది మంచి సరుకు, ఒక్కనాడు సతాయించలే. కానీ 6.7కు మామూలు సపోర్టు 2022 అక్టోబర్ 15 తోటి అయిపోయింది. 2023 నవంబర్‌ల బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్నంక శాశ్వత లైసెన్సులు అమ్ముడు బంద్ పెట్టి ఏడాది చందా పద్ధతి తెచ్చిన్రు. లెక్క కోర్ల మీద, ప్రాసెసర్‌కు తక్కువల తక్కువ 16 కోర్లు. మా ప్రాసెసర్‌ల ఉన్నవే 8. అంటే 32 కోర్లున్న మేము 64 కోర్లకు కట్టాలె. అది పెద్ద పెద్ద వాళ్ల కోసం చేసుకున్న లెక్క, వాళ్ల వ్యాపారం వాళ్లది. మా మెట్ల కింది అర్రకు సరిపోయే లెక్క కాదు.

మైక్రోసాఫ్ట్ వాళ్ల హైపర్-వీ కూడ ఒక డెస్క్‌టాప్ మీద వేసి చూసిన. విండోస్ సర్వర్ లైసెన్సులు ఎట్లాగూ కొనే వాళ్లకు అదే దగ్గరి తొవ్వ. ఉత్తగ వచ్చే హైపర్-వీ సర్వర్ మాత్రం 2019 తోటే ఆగిపోయింది. ఎక్స్‌సీపీ-ఎన్‌జీ అని అసుంటిదే ఇంకోటి ఉన్నది, దాని మీద నాకు చేయి తిరగలే, గంతే, అది చెడ్డదని కాదు.

ఇన్‌స్టాల్ చేసుడు పెద్ద కథ కాదు. పెన్‌డ్రైవ్ పెట్టి చాయ్ తాగి వచ్చేసరికి అయిపోతది. తర్వాత బ్రౌజర్‌ల ఐపీ అడ్రస్ పక్కన 8006 పోర్ట్ కొడితే పేజీ వస్తది. ఒక్క ముచ్చట మాత్రం యాద్ పెట్టుకోండ్రి: సెకండ్ హ్యాండ్ సర్వర్లల్ల రెయిడ్ కార్డు ఉంటది, అది డిస్కులన్నింటినీ కలిపి ఒక్కటి లెక్క చూపిస్తది. జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కులను తానే చూసుకునే ఫైల్ సిస్టమ్) వాడాలంటే ఆ కార్డును హెచ్‌బీఏ మోడ్‌లకు మార్చి డిస్కులను నేరుగ చూపియ్యాలె. నడుమ రెయిడ్ కార్డు ఉంటే జెడ్‌ఎఫ్‌ఎస్‌కు కండ్లకు గంతలు కట్టినట్టే. నేను ఒకసారి గంతలు కట్టే ఇన్‌స్టాల్ చేసి, తప్పు తెలుసుకొని మల్ల మొదటి నుంచి చేసిన.

మార్చిన రాత్రి పంద్రాగస్టుకు ముందు రాత్రి. తెల్లారి సెలవు, మిర్చి సీజన్ లేదు, పత్తి ఇంకా రాలే. అంతకన్న మంచి ముహూర్తం దొరకదు. కొత్త సర్వర్ మీద ప్రాక్స్‌మాక్స్ పెట్టి, పాత సర్వర్‌ల ఈఎస్ఎక్స్ఐ నడుస్తుంటే ఒక్కొక్క వీఎంను ఇటు గుంజుకొచ్చిన. దీని కోసం 2024 ఏప్రిల్‌ల వచ్చిన 8.2 వర్షన్‌ల ఒక సులువు తొవ్వ పెట్టిన్రు. పాత ఈఎస్ఎక్స్ఐని స్టోరేజ్ లెక్క కలుపుకుంటే అందులున్న వీఎంలన్నీ లిస్టుల కనపడ్తయి, ఒక్కోదాన్ని పట్టి ఇంపోర్ట్ నొక్కుడే. అంతకుముందు డిస్కులను బయటికి తీసి, ఫార్మాట్ మార్చి, మల్ల ఎక్కించే తతంగం ఉండేది. ఈ ఒక్క వసతికి నేను సగం మార్కులు ఇస్త. ఒక సలహా: పాత దాంట్ల స్నాప్‌షాట్లు (వీఎం ఆ క్షణంల ఎట్లున్నదో దాచుకున్న గుర్తులు) ఉంటే ముందే తీసేయండ్రి, లేకుంటే నత్తనడక.

లినక్స్ వీఎంలు మారాం చేయకుంట వచ్చినయి. విండోస్‌వే ఇబ్బంది. డిస్కును వర్ట్‌ఐఓ (వీఎంల కోసమే చేసిన స్పీడ్ డిస్కు పద్ధతి) మీద పెట్టి స్టార్ట్ చేసిన, నీలం తెర. బూట్ డివైస్ అందుతలేదట. విండోస్‌కు వర్ట్‌ఐఓ అంటే ఏందో తెల్వది, డ్రైవర్ మనమే ఇయ్యాలె. డ్రైవర్ పెడదామంటే విండోసే లేస్తలేదు. దీనికి ఉపాయం ఉన్నది: అసలు డిస్కును ముందు విండోస్‌కు తెలిసిన సాటా పద్ధతి లెక్క తగిలియ్యాలె, పక్కన ఒక జీబీ ఉత్త డిస్కు వర్ట్‌ఐఓ లెక్క పెట్టాలె. విండోస్ లేస్తది, ఆ చిన్న డిస్కును చూసి డ్రైవర్ అడుగుతది, పెట్టాలె. తర్వాత ఆపి అసలు డిస్కును వర్ట్‌ఐఓకు మార్చాలె. రాత్రి ఒంటిగంటకు ఇది తెల్సుకునుడు కన్న ముందే తెల్సుంటే నాకు రెండు గంటల నిద్ర మిగిలేది. నెట్‌వర్క్ కార్డు కూడ కొత్తది అయితది కాబట్టి పాత ఐపీ పెడదామంటే "ఈ అడ్రస్ ఇంకో కార్డుకు ఉన్నది" అంటది. కనపడని పాత కార్డును డివైస్ మేనేజర్‌ల దాచినవి చూపించుమని చెప్పి తీసేయాలె.

తెల్లారేసరికి ఏడుకు ఏడు లేచినయి. జెండా వందనానికి పోయి, లడ్డు తిని ఇంటికి పోయి పడుకున్న.

పదహారు తారీఖు పొద్దుగాల అకౌంట్స్ అక్క ఫోన్. "తమ్మీ, ట్యాలీ ఒకటి, రెండు, ముప్పై ఒకటి తారీఖులే తీస్కుంటున్నది. ఇయ్యాల పదహారు గదా!"

అప్పుడు నాకు తలకాయల బల్బు వెలిగింది. ట్యాలీ లైసెన్స్ మిషన్‌కు కట్టేసి ఉంటది. మిషన్ మారితే అది ఎడ్యుకేషన్ మోడ్‌లకు పోతది, ఆ మోడ్‌ల ఆ తారీఖులకే ఎంట్రీలు పడ్తయి. పాత దాంట్ల లైసెన్స్ సరెండర్ చేసి ఇటు వచ్చినంక మల్ల యాక్టివేట్ చేయాలె. ఆ సంగతి తెలిసిన వాణ్నే, రాసి పెట్టుకున్న వాణ్నే, ఆ రాత్రి నీలం తెర గొడవల మర్చిపోయిన. పాత సర్వర్‌ను ఇంకా చెరపకపోవుడు ఒక్కటే అదృష్టం. కొత్త ట్యాలీ వీఎం బంద్ చేసి, రెండూ ఒక్కసారి లేస్తే ఐపీ కొట్లాట అయితది కాబట్టి, పాతదాన్ని లేపి, సరెండర్ చేసి, ఆపి, కొత్తదాంట్ల యాక్టివేట్ చేసిన. అర్ధగంట పని. అక్క మాత్రం ఇప్పటికీ నేను సర్వర్ అర్రలకు పోతుంటే "తమ్మీ, ఇయ్యాల ఎన్నో తారీఖు?" అని అడుగుతది.

రెండు వారాలు ఆగి, అన్నీ మంచిగున్నయని నమ్మకం కుదిరినంక పాత సర్వర్‌ను తుడిచి, దాని మీద కూడ ప్రాక్స్‌మాక్స్ పెట్టి క్లస్టర్‌ల, అంటే సర్వర్ల జట్టుల, కలిపిన. కలిసే సర్వర్ మీద వీఎంలు ఏవీ ఉండొద్దు, ఉత్తగనే రావాలె. అప్పటి సంది ఒక్క పేజీల రెండు సర్వర్లు, వాటి వీఎంలన్నీ.

రోజువారీ పని సంగతి. ఇది నిజంగ హాయి. ఏ వీఎం ఎంత ర్యామ్ తింటున్నదో, నిన్న రాత్రి ఏ టైంల డిస్కు మీద భారం పడ్డదో గీతలు గీసి చూపిస్తది. విండోస్ అప్‌డేట్లకు ముందు ఒక స్నాప్‌షాట్ కొట్టుకుంట, చెడిపోతే వెనక్కి పోవుడు నిమిషం పని. స్క్రీన్ బ్రౌజర్‌లనే కనపడ్తది, మెట్ల కిందికి దిగే పని లేదు. నేను బాగ వాడేది లైవ్ మైగ్రేషన్, అంటే నడుస్తున్న వీఎంను ఆపకుంట ఇటు సర్వర్ నుంచి అటు సర్వర్‌కు తోలుడు.

ఎందుకు వాడుతనో చెప్తే నవ్వుతరు. మిర్చి ఘాటు. సీజన్ల మా దగ్గర గాలిలనే ఎర్రటి దుమ్ము ఉంటది. ఎంత మూసినా అది సర్వర్ ఫ్యాన్ల ముంగట జాలీకి పేరుకుంటది. ఫ్యాన్లు గుయ్యిమని అరుస్తయి, లోపట వేడెక్కుతది. పోయిన ఏప్రిల్‌ల బయట 43 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం మొదటి సర్వర్ మీదున్న నాలుగు వీఎంలను రెండోదాని మీదికి తోలిన. జెడ్‌ఎఫ్‌ఎస్ రెప్లికేషన్ పదిహేను నిమిషాలకొకసారి అటు కాపీ పంపుతనే ఉంటది కాబట్టి మొత్తం డిస్కు మోసుకపోయే పని లేదు, మిగిలిన ముక్క పోతే చాలు. అక్క ట్యాలీల ఎంట్రీలు కొడుతనే ఉన్నది, ఆమె కూసున్న పోర్షన్ మొత్తం పక్కింటికి మారిందని ఆమెకు తెల్వది. ఖాళీ అయిన సర్వర్‌ను ఆపి, బయట వేపచెట్టు కిందికి తీస్కపోయి, బ్లోయర్ తోటి కొట్టిన. నేను, వాచ్‌మన్ తాత, ఇద్దరు హమాలీలు, అందరం పావుగంట తుమ్ముకుంట నిలబడ్డం. చపాటా మిర్చి కారం తక్కువ అంటరు. సర్వర్ ఫ్యాన్ నుంచి ఎగిరి వచ్చినప్పుడు ఏ మిర్చి అయినా ఒక్కటే.

ఇట్ల చేయాలంటే ఒక లెక్క తప్పొద్దు: అన్ని వీఎంల ర్యామ్ మొత్తం కలిపినా ఒక్క సర్వర్‌ల పట్టాలె. మావి 44 జీబీ, సర్వర్‌ల 64. మిగిలింది ఎక్కువ అనిపిస్తది గని, జెడ్‌ఎఫ్‌ఎస్ తన క్యాష్ (చేతికి అందేటట్టు దగ్గర పెట్టుకునే డేటా) కోసం ర్యామ్ మింగుతది. 8.1 తర్వాత కొత్తగ ఇన్‌స్టాల్ చేస్తే అది ర్యామ్‌ల పదో వంతు మించకుంట వాళ్లే కట్టడి పెట్టిన్రు. పాత ఇన్‌స్టాల్‌ను అప్‌గ్రేడ్ చేసుకుంట వచ్చిన వాళ్లకు సగం దాంక తినొచ్చు, చూసుకోండ్రి.

ఇంకో దెబ్బ నాకు నేనే కొట్టుకున్నది. మా రెండు సర్వర్ల ప్రాసెసర్లు ఒక్క తరానివి కావు. వీఎం సెట్టింగ్‌ల సీపీయూ రకం "హోస్ట్" అని పెడితే స్పీడ్ ఎక్కువ వస్తదని చదివి అన్నింటికీ పెట్టిన. కొత్త దాని నుంచి పాతదానికి తోలంగనే ఒక వీఎం గుడ్లు తేలేసింది. కొత్త ప్రాసెసర్‌ల ఉన్న విద్యలు పాతదానికి రావు గదా. ప్రాక్స్‌మాక్స్ తానే ముందుగ పెట్టి ఇచ్చే రకం ఉన్నది, అది అట్లనే ఉండనియ్యాలె. నా అసుంటోడు తెలివి చూపిస్తడనే వాళ్లు అట్ల పెట్టిన్రు.

ఇగ ఓనరు ఊరికి పోయిన ముచ్చట.

2025 మార్చి, సీజన్ నడిమిట్ల. పొద్దుగాల ఐదున్నరకు కాంటా కాడి బాబాయ్ ఫోన్. "బిడ్డా, కాంటా సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటలేదు. ముంగట పద్నాలుగు బండ్లున్నయి, డ్రైవర్లు హారన్లు కొడుతున్నరు." రాత్రి కరెంటు పోయి శానాసేపు రాలేదట. యూపీఎస్ ఎప్పుడో చేతులెత్తేసింది, కరెంటు వచ్చినంక సర్వర్లు వాటంతట అవే లేవాలె. ఫోన్‌ల వీపీఎన్ పెట్టి లోపటికి పోదామని చూసిన. తగుల్తలేదు. ఎందుకు తగుల్తది? వీపీఎన్ కూడ ఆ సర్వర్ల మీదున్న ఒక వీఎమే. తాళంచెవి లోపట పెట్టి తలుపు గుంజుకున్నట్టు. మొఖం కూడ కడుక్కోకుంట కాజీపేట నుంచి ఎనుమాముల దాంక బండి మీద పోయిన.

పోయి చూస్తే ఒక సర్వర్ మంచిగనే ఉన్నది. ఫ్యాన్లు తిరుగుతున్నయి, పేజీ తెరుచుకుంటున్నది. వీఎంలు మాత్రం ఒక్కటి లేవలే. స్టార్ట్ నొక్కితే ఒక్కటే మాట: "క్లస్టర్ నాట్ రెడీ, నో కోరం". రెండో సర్వర్‌కు మానిటర్ తగిలించి చూస్తే, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయిందట, ఎఫ్1 నొక్కితేనే ముందుకు పోత అని కూసున్నది. రూపాయి బిళ్లంత బ్యాటరీ. దాని కోసం పద్నాలుగు లారీలు.

కోరం అంటే మన గ్రామసభ కోరం అసుంటిదే. సరిపోను మంది లేకుంటే తీర్మానం చెల్లదు. ఇద్దరే సభ్యులున్న కమిటీల ఒకరు రాకుంటే ఇంకొకరు ఏ తీర్మానం చేయలేరు, ఇద్దరిట్ల మెజారిటీ అంటే ఇద్దరే. ఇది మొండితనం లెక్క కనపడ్తది గని కారణం ఉన్నది. రెండు సర్వర్ల నడుమ వైరు తెగిందనుకోండ్రి. అది చచ్చిందని ఇది అనుకుంటది, ఇది చచ్చిందని అది అనుకుంటది, రెండూ అదే కాంటా వీఎంను లేపుతయి. కొన్ని బండ్ల తూకం ఇక్కడ రాస్తది, కొన్ని అక్కడ రాస్తది. రైతు బస్తాల లెక్క రెండు తీర్లయితే సర్ది చెప్పుడు ఎవరి తరం కాదు. గందుకే మెజారిటీ లేకుంటే నడుస్తున్న వాటిని నడవనిస్తది గని కొత్తగ దేన్నీ లేపది. మా దగ్గర కరెంటు పోయి అన్నీ పడుకున్నయి కాబట్టి అన్నీ కొత్తగనే లేవాలె.

రెండో సర్వర్ నా కండ్ల ముంగటనే ఆగి ఉన్నది, దాని మీద ఏ వీఎం నడుస్తలేదని ఖాయం. అప్పుడు మొదటిదాని టెర్మినల్‌ల "పీవీఈసీఎం ఎక్స్‌పెక్టెడ్ 1" అని కొట్టిన. అంటే "ఇయ్యాలటికి ఒక్క ఓటు చాలు, నడిపియ్యి" అని చెప్పుడు. వీఎంలు లేస్తుంటే అటు పోయి ఎఫ్1 నొక్కిన. కాంటా మొదలయ్యేసరికి ఆరుంబావు. అప్పటిదాంక బాబాయ్ చిట్టీల మీద తూకాలు రాసి, బండి నంబర్లు వేసి, వరుస తప్పకుంట పెట్టిండు. కంప్యూటర్లు రాకముందు ఇరవై ఏండ్లు ఆయన చేసింది అదే పని. ఆ చిట్టీలను నేనే కూసోని ఎక్కించిన.

తప్పు ప్రాక్స్‌మాక్స్‌ది కాదు, నాది. రెండు సర్వర్ల క్లస్టర్‌కు మూడో ఓటు పెట్టుకోవాలని వాళ్ల పుస్తకంలనే రాసి ఉన్నది. క్యూడివైస్ అంటరు, చిన్న ప్రోగ్రామ్, ఓటు వేయడం తప్ప వేరే పని ఉండదు. ఆ వారమే అకౌంట్స్ రూంల ఉన్న ఒక పాత డెస్క్‌టాప్ మీద డెబియన్ వేసి అది పెట్టిన. దాన్ని అదే క్లస్టర్‌ల వీఎం లెక్క పెట్టొద్దు, అప్పుడు మల్ల అదే కథ. వీపీఎన్‌ను తీసి రౌటర్‌ల పెట్టిన. రెండు సర్వర్ల బ్యాటరీలు మార్చిన. ఆ కమాండ్‌ను కాగితం మీద పెద్దక్షరాలల్ల రాసి ఏసీ కింద గోడకు అంటించిన, కింద ఎర్ర పెన్నుతోటి: "రెండోది ఆగిందని కండ్లతోటి చూసినంకనే."

ఈ సంఘటన తర్వాత సేటు "మరి అదంతట అదే లేచే పద్ధతి లేదా?" అని అడిగిండు. ఉన్నది, హెచ్‌ఏ అంటరు. ఒక సర్వర్ పోతే దాని మీది వీఎంలు ఇంకోదాని మీద వాటంతట అవే లేస్తయి, దాదాపు రెండు నిమిషాలు పడ్తది. కానీ మాది రెప్లికేషన్ పద్ధతి కాబట్టి చివరి కాపీ తర్వాత రాసింది పోతది. పదిహేను నిమిషాల తూకాలు గాయబ్ అయితే ఎట్ల? గందుకే కాంటా వీఎంకు రెప్లికేషన్ నిమిషానికొకసారి పెట్టిన, హెచ్‌ఏ మాత్రం పెట్టలే. హాజరు మిషన్‌కు, ఫైల్ షేరింగ్‌కు పెట్టిన. మూడు సర్వర్లు, సెఫ్ స్టోరేజ్ (సర్వర్లన్నీ కలిసి వాడుకునే స్టోరేజ్), దానికి 10 గిగాబిట్ నెట్‌వర్క్ ఉంటే ఈ బాధ ఉండదు. మా అర్రల మూడో సర్వర్ పట్టది, పట్టినా ఆ ఏసీ మోయది.

బ్యాకప్ గురించి. ఈ కంపెనీదే ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ అని వేరే సాఫ్ట్‌వేర్ ఉన్నది. నన్నడిగితే అసలు సరుకు అదే. రెండో కోల్డ్ స్టోరేజ్ బిల్డింగ్‌ల ఒక పాత డెస్క్‌టాప్‌ల రెండు 4 టీబీ హార్డ్ డిస్కులు వేసి, అది పెట్టిన. మొదటి రోజు రాత్రంత గుంజింది. రెండో రోజు నుంచి పది నిమిషాలు కూడ పట్టలే, ఎందుకంటే మారిన ముక్కలే పంపుతది, ఒక్క తీరున్న ముక్కలను ఒక్కసారే దాస్తది. వీఎంను ఆపి లేపితే మాత్రం ఏది మారిందో గుర్తు పోతది, ఆ రోజు డిస్కు మొత్తం మల్ల చదువుతది. లోపం అనుకొని భయపడకండ్రి.

నేను భయపడ్డది ఇంకో దానికి. డిస్కు నిండుతున్నదని పాత బ్యాకప్‌లు తీసేసిన, జాగా ఒక్క ఎంబీ పెరగలే. మల్లిన్ని తీసేసిన, అంతే. అందుల "ప్రూన్" అనేది లిస్టుల నుంచి పేరు కొట్టేస్తది, జాగా నిజంగ ఖాళీ చేసేది "గార్బేజ్ కలెక్షన్". అది కూడ రోజు కన్న పాతగైన ముక్కలనే పడేస్తది. మునిసిపాలిటీ చెత్త బండి లెక్క, మనం బయట పెట్టంగనే పోదు, బండి వచ్చినప్పుడే పోతది. ఇది తెల్వక నేను ఉంచాల్సిన రెండు నెలల బ్యాకప్‌లు కూడ కొట్టేసుకున్న.

బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ పెడితే తాళంచెవి పోయిన రోజు బ్యాకప్ పోయినట్టే. దాన్ని కాగితం మీద ప్రింట్ తీసుకునే పద్ధతి ఇచ్చిన్రు, క్యూఆర్ కోడ్ తోటి సహా. ఆ కాగితం సేటు ఇంట్ల బీరువల, పాస్‌బుక్కుల నడుమ ఉన్నది. నెలకొకసారి ఏదో ఒక వీఎంను వేరే నంబర్ మీద రిస్టోర్ చేసి, నెట్‌వర్క్ తీసేసి లేపి చూస్త. లేస్తేనే బ్యాకప్ ఉన్నట్టు లెక్క. ఒక్క ఫైలు కావాలన్నా మొత్తం వీఎం తిప్పే పని లేదు. దీపావళి ముంగట అక్క ఒక బోనస్ల ఎక్సెల్ ఫైలు మీద పోయిన ఏడాది ఫైలును సేవ్ చేసుకున్నది. బ్యాకప్ తెరిచి, లోపటి ఫోల్డర్లల్లకు పోయి, నిన్నటి ఫైలు ఒక్కటి దింపి ఇచ్చిన. ఆ రోజు తారీఖు అడగలే.

నచ్చనివి కూడ ఉన్నయి. లాగిన్ అయినప్పుడల్ల "మీకు చెల్లే సబ్‌స్క్రిప్షన్ లేదు" అని ఒక డబ్బా వస్తది. కొట్టేసి ముందుకు పోవాలె. ఫ్రీగ ఇస్తున్నప్పుడు ఆ మాత్రం గుర్తు చేసే హక్కు వాళ్లకున్నది గని, పొద్దున ఆరింటికి లారీల హారన్ల నడుమ ఆ డబ్బా చూస్తే మాత్రం కోపం వస్తది. కొత్తగ ఇన్‌స్టాల్ చేసినోళ్లకు అప్‌డేట్ నొక్కితే 401 అని ఎర్రర్ వస్తది. చందా కట్టినోళ్ల రిపాజిటరీ (అప్‌డేట్లు దింపుకునే గోదాం) ముందుగ పెట్టి ఉంటది, దాన్ని తీసి చందా లేనోళ్లది పెట్టుకోవాలె. ఆ రిపాజిటరీల అప్‌డేట్లు ముందుగ వస్తయి, అంటే పరీక్షకు మనమే ముంగట ఉంటం. నేను వచ్చినంక రెండు వారాలు ఆగి వేస్త, ముందు పాతదాని మీద, తర్వాత రెండోదాని మీద.

చందా సాకెట్ లెక్క, అంటే ప్రాసెసర్ల లెక్క, అన్నింటికన్న చిన్నది సాకెట్‌కు ఏడాదికి వంద యూరోల పైచిలుకు. మాకు నాలుగు సాకెట్లు. ఆ చిన్న చందాకు మంచి రిపాజిటరీ వస్తది గని, మనం అడిగితే జవాబు చెప్పే మనిషి రాడు, దానికి పెద్ద చందా కావాలె. సేటు "ఫ్రీ అన్నవు గదా?" అన్నడు. "సాఫ్ట్‌వేర్ ఫ్రీ సేట్, నా నిద్ర ఫ్రీ కాదు" అన్న. ఇంకా ఆలోచిస్తున్నడు. దస్‌హరాకు చెప్త అన్నడు, దస్‌హరా పోయింది, సంక్రాంతి పోయింది.

ఇంకొకటి, ఇది డిస్కుల పొట్ట చూసి కొనాల్సిన సరుకు. నేను మొదట మామూలు డెస్క్‌టాప్ ఎస్సెస్డీలు వేసిన. ప్రాక్స్‌మాక్స్‌ల డిస్కుల పేజీల "వేర్‌అవుట్" అని ఒక గడి ఉంటది, డిస్కు ఎంత అరిగిందో శాతం చూపిస్తది. ఎనిమిది నెలలల్లనే 31కి పోయింది. జెడ్‌ఎఫ్‌ఎస్ రాతలు, క్లస్టర్ రాతలు అంత ఉంటయి. సీటీసీల సర్వర్ల నుంచి తీసిన ఎంటర్‌ప్రైజ్ ఎస్సెస్డీలు సెకండ్ హ్యాండ్ దొరికితే తెచ్చి ఒక్కోటి మార్చిన. ఏడాది అయింది, 4 దాటలే. పాతవైనా కరెంటు పోయినప్పుడు రాస్తున్న ముక్కను కాపాడుకునే కెపాసిటర్లు వాటిల్ల ఉంటయి, మా కరెంటుకు అవి కావాలె.

ఎవరికి పనికొస్తదంటే: టెర్మినల్ చూసి భయపడని మనిషి ఒక్కరు ఆఫీసుల ఉంటే పెట్టుకోండ్రి. ఆ మనిషి లేకుంట "ఫ్రీ గదా" అని పెట్టించుకొని, పెట్టినోడు హైదరాబాద్ పోతే, మీకు అన్నీ ఉంటయి గని ఎఫ్1 నొక్కేటోడు ఉండడు. ఐదుకు నేను నాలుగు ఇస్త. బ్యాకప్ సర్వర్‌కు విడిగ అడిగితే నాలుగున్నర.

ఇప్పుడు మేము 8.4 మీద ఉన్నం. 9 వర్షన్ 2025 ఆగస్టుల వచ్చింది, కింద డెబియన్ 13. మా 8కి 2026 ఆగస్టు దాంక అప్‌డేట్లు ఉన్నయి. అప్‌గ్రేడ్‌కు ముందు అన్నీ సరిగ్గున్నయా లేదా చూసే చిన్న ప్రోగ్రామ్ వాళ్లే ఇచ్చిన్రు, పోయిన ఆదివారం నడిపి చూసిన. మూడు పసుపు హెచ్చరికలు, ఎర్రది ఒక్కటి లేదు. అయినా ముట్టలే. మే నెలల ఆఖరి లారీ లోపటికి పోయి, కాంటా కాడి బాబాయ్ "ఇగ అయిపోయింది బిడ్డా" అన్నంకనే. ట్యాలీ లైసెన్స్ సంగతి ఈసారి కాగితం మీద మొట్టమొదటి లైన్‌ల రాసి పెట్టిన, అప్‌గ్రేడ్‌కు దాని తోటి పని లేకున్నా.